మెదడు మారిన మనిషి

సిద్దప్ప కాళ్ళను చూస్తేనే గంగాధరానికి ఒళ్ళు మండేది. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలు, ఇద్దరికీ చక్కెర జబ్బే. పైగా అన్నకు అయిదేళ్ళు ముందే వచ్చింది. అయినా సిద్దప్ప కోసిన రాగి చేని కొయ్యకాళ్ళలో చెప్పుల్లేకుండా నడిచిపోయేవాడు. ముల్లు దిగినా తెలిసేది కాదు. గంగాధరానికేమో అరికాళ్ళ కింద నిప్పులు పోసినట్టుండేది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయేది. రోగం పంచడంలోనూ దేవుడు పెద్దోడి పక్షమే అనుకునేవాడు.

ఆ మంటకు తోడు అన్న నోరొకటి. "వానిది నొప్పి గాదత్తా, నాటకం. నాకు లేని నొప్పి వానికి యాడ్నించి వస్తాది?" అని మేనత్త వసంతమ్మ చెవిలో పోసేవాడు.

వసంతమ్మకు పిల్లల్లేరు. పుంగనూరు పక్కన ఆమె భూమిలో ఎనిమిదేళ్ళుగా టమాటా పెడుతున్నది గంగాధరమే. ఆ భూమిని వచ్చే బుధవారం అతని పేర రాసిస్తానని మాటిచ్చిన మనిషికి ఇప్పుడు అనుమానం పట్టుకుంది.

"నిజం జబ్బయితే కూలోళ్ళను పెట్టి చేయిద్దువులే. సోంబేరితనమైతే మాత్రం సెంటు గూడా ఇయ్యను రా" అంది.

గంగాధరం కుప్పం ఆసుపత్రికి పోయాడు. కాళ్ళ మంటలున్న చక్కెర రోగుల తలలకు అక్కడ స్కానింగు తీసి పరిశోధన చేస్తున్నారు. డాక్టరమ్మ కీర్తన ఓపిగ్గా చెప్పింది.

"మొదట చెడింది కాళ్ళ నరాలే. ఏళ్ళ తరబడి ఆ మంట పైకి పోయి పోయి, మెదడులో నొప్పి తెలిసే చోట్లు కూడా మారినాయి. కొందరికి మంట ఉండదు, ఉత్త తిమ్మిరే. వాళ్ళకు పుండు పడినా తెలీదు, అదీ ప్రమాదమే."

చివరి మాట గంగాధరం చెవికెక్కలేదు. "అయితే నాది నాటకం గాదు గదమ్మా? అది రాసియ్యి తల్లీ!"

ఆమె తెలుగులోనే రాసిచ్చింది: నొప్పి నిజమైనదే. మెదడులో మార్పులు ఉన్నాయి.

మరునాడు మదనపల్లె మార్కెట్ యార్డులో, టమాటా క్రేట్ల మధ్య, అత్త చూస్తుండగా ఆ కాగితం అన్న ముఖాన పెట్టాడు.

"సదువు అన్నా! నా మెదడే మారిపోయింది. జబ్బు నీకు అయిదేళ్ళు ముందొచ్చింది గదా, నీ మెదడు మారిందా?"

సిద్దప్ప మొదటి వాక్యం మింగేసి రెండోది గట్టిగా చదివాడు. "సూస్తివా అత్తా? మతి చెడిందని డాక్టరే రాసిచ్చినారు."

"కొత్త మెదడు యాడ దొరికెనప్పా?" అన్నాడొక హమాలీ. యార్డంతా నవ్వింది.

వసంతమ్మ నవ్వలేదు. "కాళ్ళ నొప్పనుకుంటినే, తలకెక్కిందా నాయనా?"

"అది గాదత్తా! నొప్పి కాళ్ళల్లో మాత్రమే లేదు, తలలో గూడా ఉండాది!"

"అదే గదరా నేను అనేది."

"అయ్యో, నా కాళ్ళు తలలో ఉండాయి అత్తా! డాక్టరమ్మ బొమ్మ సూపించె!"

వసంతమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని అతని తల నిమిరింది. ఆ పక్కన సిద్దప్ప కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బుధవారం ఆమె వేలిముద్ర పడింది, సిద్దప్ప పేర. గంగాధరానికి పోయింది బోరుతో సహా ఎకరా నలభై రెండు సెంట్లు.