దశరథం సారు సిద్ధాంతం

గ్లాసులో మిగిలిన వేడినీళ్లలో బ్లేడు ముంచి దశరథం రెండోసారి గడ్డం గీసుకుంటున్నాడు. ఆసిఫాబాద్ బడి వరండాలో, కిటికీ ఊచకు తగిలించిన చేతి అద్దంలో అతని ముఖం సగమే కనిపిస్తోంది. లోపలికి పోయిన బుగ్గ, ముక్కు మీద కళ్లద్దాలు పెట్టిన ఎర్రటి గుంట, అప్పుడే నెరిసిన చెంపలు. సిరిసిల్లలో మగ్గం నేసే సాలోళ్ల ఇంట పుట్టి, కరీంనగర్ కాలేజీలో వాణిజ్యశాస్త్రం చెప్పేవరకు వచ్చినవాడు. గొంతు మాత్రం ఎన్నడూ పెంచలేదు. వెనక బెంచీ పిల్లలు గొడవ చేస్తే, అది ముగిసేదాకా ఆగి, విడిచిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఎండాకాలం సెలవులు రాగానే ఈ అడవుల్లోకి వచ్చి, ఈ బడిలో దిగుతాడు. బీడీలు చుట్టే తునికాకు వ్యాపారంలో ఒక గుత్తేదారు నిలిచి మిగతావాళ్లు ఎందుకు పోతారన్నది అతని డాక్టరేటు పరిశోధన. ఎన్ని సెలవులు గడిచినా దానికి తగిన సిద్ధాంతం కుదరలేదు. ఎక్కువ ధర ఇచ్చినవాడికే సరుకు చేరుతుందని ఒక సిద్ధాంతం. ఇక్కడ అందరికంటే తక్కువిచ్చే పెద్ద గుత్తేదారు లక్ష్మీరాజం ఆకు కొని ఆరబెట్టే కల్లాలకే సరుకంతా పోతోంది. మంచి అడవి చేతిలో ఉన్నవాడు నిలుస్తాడని ఇంకొకటి. లక్ష్మీరాజం వేలం పాటలో దక్కించుకున్న అడవి అన్నిటికంటే పలచన. పని నడిపే నేర్పున్నవాడు గెలుస్తాడని మూడోది. హైదరాబాద్‌లో అతని పరిశోధన చూసే ప్రొఫెసరుగారికి ఇదే నచ్చింది.

"దీన్నే పట్టుకో దశరథం. ఈ ఏడు ముగించేద్దాం" అన్నాడాయన.

నేర్పు! నిరుడు నస్పూర్ దగ్గర ఒక పాత గుత్తేదారును కలిస్తే, ఆయన చేతివేళ్లన్నీ విరిగి, వంకరగా అతికి ఉన్నాయి. "జారిపడ్డ" అన్నాడు. ఆయన భార్య వచ్చి తలుపు మూసింది. అంతకుముందు లక్ష్మీరాజానికి పోటీగా పాట పాడిన ఇంకొకాయన కల్లం తగలబడింది. కావలి మనిషి లోపలే కాలిపోయాడు. దశరథానికి అర్థం కాకపోలేదు. పుస్తకాల్లో దానికి పేరు లేదు గనుక 'ఇతర కారణాలు' అని రాసి పక్కన పెట్టాడు.

ఆ రోజు అతను వాగు అవతల సాంబయ్య కల్లానికి పోయాడు. లక్ష్మీరాజానికి ఎదురు నిలిచిన చిన్న గుత్తేదారు ఇక అతనొక్కడే. పందిరి కింద కూర్చోబెట్టి సాంబయ్య ముంతతో నీళ్లిచ్చాడు.

"గీ ఎండల ఎందుకు తిరుగుతున్నరు సార్?"

"నువ్వు ఎట్ల నిలబడ్డవో తెలుసుకుందామని."

సాంబయ్య నవ్వాడు. "నిలబడుడేంది సార్. లక్ష్మీరాజం మనుషులు ఇంకా నా కాడికి రాలే, గంతే."

పొద్దు వాలుతుంటే ఆకు తెంపిన ఆడవాళ్లు నెత్తిన మూటలతో వచ్చి, కట్టలు వరుసగా పేరుస్తున్నారు. అప్పుడే లారీ ఆగింది. ముందుగా బాలమల్లు దిగాడు. లక్ష్మీరాజం మనిషి, మెడ లేనట్టుండే భుజాలు, చేతిలో కొసకు ఇనుప పొన్ను వేసిన కట్టె. మొదటి దెబ్బ సాంబయ్య మోకాలి మీద పడింది. పచ్చి కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. అతను పడ్డాక కూడా అదే మోకాలి మీద మళ్లీ కొట్టారు. వెనక దిగినవాళ్లు కట్టల మీద కిరోసిన్ గుమ్మరించారు. అడ్డం వచ్చిన ముసలమ్మను మంటలోకి తోస్తే, కొంగు అంటుకుని అరుస్తూ వాగువైపు పరుగెత్తింది.

బాలమల్లు చంద్రవ్వ అనే ఆమెను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చాడు. "ఎవని కల్లానికి తెస్తున్నవే ఆకు?"

ఆమె పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. "ఎవడు పైస ఎక్కువిస్తే వానికే తెస్త."

కట్టె లేచింది.

చిన్నప్పుడు, పోలీసు చర్యకు ముందు, ఊరి మీద పడ్డ మనుషులు వాకిట్లో తన బాపును కొడుతుంటే దశరథం మగ్గం గుంతలో దాక్కున్నాడు. ఒక్కొక్క దెబ్బ విన్నాడు. ఆ చప్పుడు మళ్లీ వినగలిగే ఓపిక అతనికి లేకపోయింది. పందిరి కింద నుంచి లేచి వచ్చి ఇద్దరి మధ్య నిలబడ్డాడు.

"ఇడిచిపెట్టు" అని అరిచాడు. ఆ గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

"పంతులూ, నీకెందుకు? జరుగు."

"జరగ."

పొన్ను చెవి పైన తగిలింది. దశరథం ఆకు కట్టల మీద బోర్లా పడ్డాడు. చేతులు ఊని లేచి, మళ్లీ అక్కడే నిలబడ్డాడు. రెండో దెబ్బ భుజం మీద పడింది. ఈలోగా అడవిలోంచి మగవాళ్లు గొడ్డళ్లతో కేకలేస్తూ రావడం చూసి, బాలమల్లు తనవాళ్లను లారీ ఎక్కించాడు. కల్లం మొత్తం కాలిపోయింది.

సాంబయ్యను ఎడ్లబండిలో పడుకోబెట్టారు. "సార్, మీరు గూడ దవాఖానకు రండ్రి" అని మూలుగుతూనే పిలిచాడు.

"నాకేం కాలే. ఇంటికి పోవాలె" అన్నాడు దశరథం.

మంచిర్యాల బస్సు వచ్చేసరికి చంద్రవ్వ ఆకు దొప్పలో తునికి పండ్లు తెచ్చింది. "తినుకుంట పోండ్రి సార్" అని చేతిలో పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

కిటికీ పక్కన కూర్చున్న దశరథానికి తల బరువుగా ఉన్నా, మనసు తేలికగా ఉంది. సిద్ధాంతాలు తప్పు కాదు. కట్టె కింద ఉండి కూడా చంద్రవ్వ మొదటిదాన్నే, ఎక్కువ ధర మాటనే, చెప్పింది. దాన్ని నడవనీయకుండా కొడుతున్నారు. ఆ కొట్టడమే లక్ష్మీరాజం వ్యాపారం. ముందు అది రాయాలి, తర్వాతే మిగతావన్నీ. ప్రొఫెసరుగారు ఒప్పుకోకపోతే ఆ పట్టా లేకపోయినా బతకొచ్చు.

"దొరికింది" అన్నాడు పైకే.

టికెట్లు కొడుతున్న కండక్టర్ వెనక్కి తిరిగాడు. "ఏం పోయింది సార్, ఏం దొరికింది?"

దశరథం నవ్వి, ఒక పండు కొరికి, ఊచకు తల ఆనించాడు.

మంచిర్యాలలో అందరూ దిగిపోయారు. "సార్, లేవుండ్రి, వచ్చింది" అని కండక్టర్ భుజం తట్టాడు. మళ్లీ తట్టాడు. తర్వాత ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, డ్రైవర్‌ను పిలిచాడు. ఇద్దరూ కలిసి అతన్ని దింపి, తువ్వాల పరిచి అరుగు మీద పడుకోబెట్టారు.

బస్సు ఇంజన్ ఇంకా ఆపలేదు. ఖాళీ సీటు మీద ఆకు దొప్ప సన్నగా వణుకుతోంది. అందులో సగం కొరికిన పండు, పంటి గాట్ల దగ్గర ఇంకా తడిగా ఉంది.