ఎనిమిది సెకన్ల కోసం

పుష్పకు ఒళ్లు మండిపోయింది. నిన్న తను తగ్గించి పెట్టిన ఫ్లాష్ స్పీడును ఎవరో మళ్లీ రెట్టింపు చేసేశారు. ఎవరో ఏమిటి, మేనేజర్ ఉదయ్‌కుమారే!

మధురవాడలో వాళ్ల ఆఫీసు, ఇళ్లకు నెట్ అందించే రౌటర్లను నడిపే ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్ రాస్తుంది. రౌటర్ బుద్ధంతా ఫ్లాష్ అనే చిన్న చిప్పులో ఉంటుంది. ఆన్ చెయ్యగానే ప్రాసెసర్ దాన్ని చదువుకుని లేస్తుంది. గబగబా చదివిస్తే ఎనిమిది సెకన్లు ముందే లేస్తుంది, నిజమే. కానీ ఈసారి కొన్న చవక చిప్పులు వేడెక్కితే ఆ వేగానికి తప్పులు అప్పజెబుతాయి. ఇక రౌటర్ ఎర్రలైటు వెలిగించుకుని మొరాయిస్తుంది. నెట్‌లో మరో అప్‌డేట్ పంపి బాగుచేద్దామంటే, దానికి నెట్టే ఉండదు.

విసవిసా ఆయన గదిలోకి వెళ్లింది.

“సార్, రేకులిళ్లలో ఇది సస్తాది. డాబా మీద ఎండలో పెట్టి సూపించాను కదా మీకు!”

“నువ్వు మరీ భయపడతన్నావ్ పుష్పా. అవతలి కంపెనీ రౌటర్ ముందు లేస్తందని మన కస్టమర్ కేబుల్ వాళ్ల గోల. ఇవాళే పంపెయ్యాలి.”

“ఇరవై వేల ఇళ్లు సార్!”

“అరిచి లాభం లేదు. పంపు.”

పళ్లు కొరుక్కుంటూ సీటుకొచ్చింది. రేపు ఊరంతా తిట్లు తినేది కేబుల్ కుర్రాళ్లు. ఈయనగారికి మాత్రం శభాష్‌లు!

ఇంతలో ఆయనే వెనకాలొచ్చి గొంతు తగ్గించాడు.

“అన్నట్టు, మా ఇంటిదొక్కటి వదిలెయ్. టీవీ కింద అరలో పెట్టాం, బాగా వేడెక్కిపోద్ది. మావగారొచ్చి ఉన్నారు, క్రికెట్ చూస్తన్నారు.”

పుష్ప ఆయన మొహంలోకి చూసింది. ఇంతసేపూ పాపం ఆయనకు అర్థం కాలేదనుకుంది. అన్నీ తెలిసే చేస్తున్నాడు!

“అలాగే సార్” అంది.

ఇరవై వేల ఇళ్లనూ పక్కన పెట్టి, ఒక్క ఇంటికే అప్‌డేట్ పంపింది.

కాసేపటికే, ఇంకా హాల్లోనే తిరుగుతున్న ఆయన ఫోను మోగింది.

“ఆఁ, మావయ్యగారూ... ఎర్రలైటా? ఆపి మళ్లీ వెయ్యండి... మళ్లీ ఎర్రదేనా?” ఆయన గిరుక్కున తిరిగాడు. “పుష్పా! ఏటి చేశావ్?”

“మీరు పంపమన్నదే పంపాను సార్. ముందు మీ ఇంటికి.” పుష్ప లేచి నిలబడింది. ఆఫీసంతా తలలెత్తి చూసింది. “మిగతావోళ్లకి మావగార్లు లేరా సార్? వోళ్లకీ ఇదే పంపీమంటారా, స్పీడు తగ్గించీమంటారా?”

ఫోన్లో మామగారి అరుపులు బయటికి వినిపిస్తున్నాయి. ఉదయ్‌కుమార్ స్పీడు తగ్గించమని చేత్తో సైగ చేశాడు.

“సైగలొద్దు సార్” అంది పుష్ప. “నోటితో సెప్పండి. అందరికీ ఇనబడాల.”