అందనంత దూరంలో కళ్లజోడు

మా మామయ్య బస్సు కండక్టరుగా చేశారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నిలబడే బతికారట. అందుకని రిటైరైన రోజున ఇంటికొచ్చి, కిటికీ పక్కన చేతుల కుర్చీలో కూలబడి, ఇక లేచేది లేదని ప్రకటించారు. సరదాకి అన్నారనుకున్నాం. ఆయన ఆడిన మాట తప్పే మనిషి కాదని తర్వాత తెలిసింది.

ఒకసారి స్నానాల గదిలో కాలు జారారు. ఎముకలేవీ విరగలేదు గానీ నాకు భయం పట్టుకుంది. నేనూ మా ఆయనా ఆఫీసులకు వెళ్తే సాయంత్రం దాకా ఇంట్లో ఆయనొక్కరే. అందుకే కుర్చీ చుట్టూ సమస్తం అమర్చాను. స్టూలు మీద మంచినీళ్లు, ఫ్లాస్కులో టీ, మందులు, పేపరు, కళ్లజోడు. టీవీ రిమోటు జారిపోకుండా కుర్చీ చేతికి దారంతో కట్టాను. మమ్మల్ని పిలవడానికి చిన్న గంట కూడా పెట్టాను. చూసినవాళ్లంతా కోడలంటే ఇలా ఉండాలన్నారు. కాదనడానికి నేనెవరిని?

పోను పోను, ఎవరో ఒకరు చెయ్యి అందిస్తే తప్ప ఆయన కుర్చీలోంచి లేవలేకపోయారు. పగలు పక్కింటావిడ వచ్చి ఒకసారి లేపి, కాస్త అటూ ఇటూ తిప్పి వెళ్లేది. డాక్టరు పరీక్ష చేసి జబ్బేమీ లేదన్నాడు. వాడక తొడల్లో బలం పోతోందనీ, ఇలాగే కూర్చుంటే మంచాన పడతారనీ చెప్పాడు. ఆ మాటకు మామయ్య ముఖం మాడిపోయింది. అయినా ఇంటికి రాగానే మళ్లీ కుర్చీలోనే కూర్చున్నారు.

సంగతి విని పెద్దత్తయ్య సంచి పట్టుకుని దిగిపోయారు. ఆవిడ మామయ్యకు అక్క. పెళ్లి చేసుకోలేదు, ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. తమ్ముడికంటే బాగా పెద్దయినా, లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తులో ఒక్కరే ఉంటారు. గుమ్మంలో నిలబడి కుర్చీనీ స్టూలునూ తేరిపార చూసి, కొట్టు బాగానే పెట్టావమ్మాయ్ అన్నారు. నాకు ఒళ్లు మండింది.

మర్నాటి నుంచి ఇంట్లో వస్తువులకు కాళ్లొచ్చాయి. నీళ్ల గ్లాసు భోజనాల బల్ల మీదకు నడిచింది. కళ్లజోడు అవతలి గోడ దగ్గర అలమర ఎక్కింది. గంట ఏమైందో ఇప్పటికీ తెలియదు. మామయ్య మొదట బతిమాలారు, ఆ తర్వాత అలిగారు, చివరికి పేపరు చదవకపోతే కొంపేం మునగదన్నారు. అప్పుడు పెద్దత్తయ్య బస్సులకు సంబంధించిన వార్త ఒకటి వెతికి, సగం గట్టిగా చదివి, మిగతా సగం చదవకుండా మడిచేసి ఆ కళ్లజోడు పక్కనే పెట్టారు. ఆయన కుతకుత ఉడికిపోయారు. నేను మా ఆయనతో మొరపెట్టుకుంటే, వాళ్లిద్దరి మధ్య దూరితే అక్షింతలు మనకే పడతాయని తప్పుకున్నారు.

ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. వీధి తలుపు తీసే ఉంది. హాలు నట్టనడుమ మామయ్య ఒక్కరే నిలబడి ఉన్నారు. కుర్చీ చేతులు ఊనుకుని తనంతట తానే లేచినట్టున్నారు. పట్టుకోవడానికి చుట్టుపక్కల ఏమీ లేదు. కాళ్లు వణుకుతున్నాయి, చూపు మాత్రం అలమర మీదే ఉంది. పరుగెత్తబోయి ఆగిపోయాను. ఆయన వెనక, లోపలి గది తలుపు చాటున, పెద్దత్తయ్య రెండు చేతులూ ముందుకు చాపి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారు. నన్ను చూసి కదలొద్దని తల ఊపారు. మామయ్య అడుగులో అడుగేసుకుంటూ వెళ్లి అలమర అందుకున్నారు. కళ్లజోడు పెట్టుకుని, "రాక్షసి" అని గొణిగి, పేపరు విప్పారు. తలుపు చాటున ఆ రాక్షసి అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

వంటింట్లో ఆవిడ మీద విరుచుకుపడ్డాను. పడిపోయి ఉంటే ఎవరిది పూచీ అని నిలదీశాను.

"పడతాడేమోనని నాకూ భయమేనమ్మా. అందుకే కదా తలుపు వెనక కాపలా కాస్తున్నాను. వాడు నాకింకా చాలాకాలం కావాలి. నాకంటూ మిగిలింది వాడొక్కడే."

ఆవిడ చెప్పింది నాకు అర్థమైంది. అలాగని నేను తప్పు చేశానని ఒప్పుకోను. నాదీ భయమే, ఆవిడదీ భయమే. కాకపోతే నా భయం ఆయన్ని కూర్చోబెట్టింది.

కొన్నాళ్లకు మామయ్య గేటు దాకా, ఆ తర్వాత వీధి మలుపు దాకా నడిచారు. పెద్దత్తయ్య తన ఇంటికి వెళ్లిపోయాక ఒకరోజు మామయ్య ఏకంగా బస్సెక్కి ఊళ్లో తిరిగొచ్చారు. ఎవరో లేచి సీటిస్తే వద్దని, కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చానని రాత్రి భోజనాల దాకా అదే చెప్పారు.

ఆ ఏడాది వానల్లో పెద్దత్తయ్యకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మనిషి సగమైపోయారు. కుర్చీలో కూర్చోబెట్టి మూడు అంతస్తులూ మోయించాం. గదిలోనే కొంచెం కొంచెంగా నడవమని డాక్టరు చెప్పినా చెవిన పెట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నారు. బతికింది చాల్లే అన్నారు. నేను సెలవు పెట్టి ఆవిడ దగ్గరున్నాను. నా అలవాటు ఎక్కడికి పోతుంది, మంచం పక్కన స్టూలు వేసి నీళ్లు, మందులు, కళ్లజోడు అందేలా పెట్టాను.  ఆవిడ నన్ను వెక్కిరించకుండా ఊరుకోవడం చూసి నాకు నిజంగా భయం వేసింది.

మర్నాడు మామయ్య వచ్చారు. మెట్ల మలుపు దగ్గరల్లా ఆగుతూ, ఆయాసపడుతూ, తన కాళ్ల మీదే మూడో అంతస్తు ఎక్కారు. స్టూలు వంక చూసి, నా వంక చూశారు. అక్క పక్కన కూర్చుని సంచిలోంచి పేపరు తీశారు.

"అక్కా, మీ ఆసుపత్రి గురించి వేశారు. నువ్వు పనిచేసిన వార్డు గురించి."

ఆవిడ కళ్లు తెరిచారు. ఆయన సగం చదివారు. చదివి, పేపరు మడిచి, స్టూలు మీది కళ్లజోడు కూడా తీసుకుని, రెండూ అవతలి కిటికీ గట్టు మీద పెట్టారు.

"మిగతాది చదవరా" అన్నారు ఆవిడ.

"నేను టీ తాగొస్తా" అని నన్నూ వెంటబెట్టుకుని గదిలోంచి బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశారు.

టీ పెడదామని వంటింటి వైపు కదిలాను. ఆయన వద్దని తల ఊపారు. తలుపు చాటున, సందులోంచి లోపలికి చూస్తూ, రెండు చేతులూ ముందుకు చాపి నిలబడ్డారు.  నాకు ఏడుపొచ్చింది.

లోపల మంచం కిర్రుమంది.