ఒక్కడే నొక్కి చూసిన పేజీ

తూరున్ వేలం ఆఫీసు తలుపు తీసేసరికే ఫోన్ మోగుతోంది. ఆ రేవులో చేపల వేలం కొంతకాలంగా కంప్యూటర్‌లోనే నడుస్తోంది. పడవల వాళ్లు పట్టిన చేపల వివరాలు అందులో రాస్తారు, కొనేవాళ్లు అందులోనే పాట పాడతారు. ఆ పేజీలన్నీ తూరున్ రాసినవే.

"నా కాడ్ చేపలు సిగ్‌వాల్డ్ పేరు మీదెందుకున్నాయి?" పడవ యజమాని ఆస్‌లాక్ ఫోన్‌లో అరుస్తున్నాడు. "అన్ని పెట్టెలెక్కిస్తే వాడి పడవ రేవులోనే మునుగుతుంది!"

తూరున్ చెవులు వేడెక్కాయి. శుక్రవారమే చెప్పింది మేనేజర్ ఎయిలిఫ్‌కి. కొత్త సర్వర్ ఒకేసారి ఎంతోమంది పని ఒకేచోట పెట్టుకుని చేస్తుంది. పేజీలు నడిపే ఆమె స్క్రిప్టును దానికి తగిలించే ముక్కకి, అంటే మాడ్యూల్‌కి, ఇంకా ఆ అలవాటు లేదు. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఒకరి సంగతి ఇంకొకరి పళ్లెంలో పడుతుంది. ఎయిలిఫ్ వింటేగా! తనే కూర్చుని నొక్కాడు, పేజీ టక్కున వచ్చింది, వేలాన్ని కొత్త సర్వర్ మీదికి మార్చేసి సెలవులు గడిపే కొండమీది కాబిన్‌కి వెళ్లిపోయాడు.

ఆమె వేలం ఆపేసింది. పాతదానిలాగే ఒక్కొక్కరి పని విడివిడిగా జరిగేలా కొత్త సర్వర్‌ని మార్చింది. ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నిటి ముందూ మనుషుల్ని కూర్చోబెట్టి ఒకేసారి నొక్కించింది. ఎవరి చేపలు వాళ్లకే వచ్చాయి.

అప్పుడొచ్చాడు ఎయిలిఫ్, మంచు మీది ఎండకి ముఖమంతా ఎర్రగా కమిలి. "వేలం ఎవరు ఆపమన్నారు?"

"ఆస్‌లాక్ చేపలు."

"నేను చూసినప్పుడు పనిచేసిందే!"

"ఒక్కడివే నొక్కావు. రేవులో పడవలన్నీ నీ కోసం వరసలో నిలబడతాయా?"

అతను కుర్చీ లాక్కుని నొక్కాడు. ఎదురుచూశాడు. ఇంకా ఎదురుచూశాడు. "ఇది పాతదానంత నెమ్మదిగా ఉందే! వేగంగా ఉంటుందని బోర్డుకి మాటిచ్చాను. మళ్లీ మార్చెయ్. ఇద్దరు ఒకేసారి నొక్కడం ఎప్పుడో గాని జరగదు."

"ఎప్పుడో కాదు, ఈ పొద్దునే జరిగింది!" అంది తూరున్. "పేజీ కింద ఉన్నది నా పేరు. తిట్లు తింటున్నది నేను. మార్చాలంటే నా పేరు తీసేసి నీ పేరు పెట్టుకో. రేపు ఆస్‌లాక్‌కి నువ్వే జవాబు చెప్పు."

ఎయిలిఫ్ మౌస్ వదిలేశాడు. ఆస్‌లాక్ నోరు అతనికీ తెలుసు.

ఆమె ఫోన్ అతని ముందుకి తోసింది. "బోర్డుకి చెయ్."

"భోంచేశాక చేస్తాలే."

"ఇప్పుడే." తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

అతను నంబర్ నొక్కాడు. "ఆఁ, కొత్త సర్వర్ సిద్ధమే. బాగుంది. కాస్త నెమ్మది, అంతే."

"కాస్త కాదు," అంది తూరున్.

"పాతదానంత నెమ్మది," అన్నాడు ఫోన్‌లో. ఆమె కదల్లేదు. అతను గోడవైపు తిరిగాడు. "తూరున్ ముందే చెప్పింది. నేనే వినలేదు."

అప్పుడు పక్కకి తప్పుకుంది ఆమె, తలుపు దగ్గర్నించి.