గాజు ఏరిందాకా మంద లేవదు

"తాగింది మీరు సంపత్‌రావ్! సీసాలు బండకేసి కొట్టింది మీ తమ్ముళ్ళు! కాలు తెగింది మాత్రం మా చిత్ర్యాకి!"

హౌసాబాయి ఈ మాట పైకి అరిచింది సాయంత్రం. కానీ అది పొద్దున్నే ఆమె కడుపులో రాజుకుంది. ఊరి మేతబీడులో మంద కుక్క చిత్ర్యా మూడుకాళ్ళ మీద కుంటుకుంటూ ఎదురొచ్చింది. ముందుకాలి మెత్తలో గాజుపెంకు దిగి ఉంది. ముల్లు తీసే పట్టకారుతో పెంకు లాగేసి, గోరువెచ్చని ఉప్పునీళ్ళతో కడిగింది. గాయం లోతైనదేం కాదు. నాలుగు రోజులు కాలు కింద మోపకపోతే అదే మానుతుంది.

మోపకపోతే! మందను కాసే కుక్కకి ఆ మాట ఎవరు చెప్పగలరు?

గొర్రెలు మేతకి కదిలాయో లేదో చిత్ర్యా వాటి వెనకే ఉరికింది. మానబోయే గాయం మళ్ళీ నోరు తెరిచింది. హౌసాబాయి మొగుడు గెనూ దాన్ని ఎత్తుకొచ్చి, కాలు విరిగిన గొర్రెకి కట్టినట్టు ఉన్నితాడుతో బిర్రుగా బిగించి కట్టాడు. చేతికొచ్చిన వైద్యం అదొక్కటే మరి. మధ్యాహ్నానికల్లా వేళ్ళు ఉబ్బిపోయాయి. కుక్క కట్టుని కొరుక్కుంటూ మూలుగుతోంది.

"ఏమయ్యా, ఇది కట్టా, ఉరితాడా?" అంటూ ఉన్ని కోసే కత్తెరతో తాడు తెగ్గొట్టింది హౌసాబాయి. పాతచీర చింపి, లోపలికి వేలు దూరేంత వదులుగా చుట్టింది.

"గొర్రె ఊరుకుంది, ఇది ఊరుకోదేం?" అన్నాడు గెనూ తల గోక్కుంటూ.

"గొర్రెకి నోరు లేదు కాబట్టి ఊరుకుంది. నీకూ అలాగే కడతా, ఊరుకుంటావేమో చూద్దాం."

గెనూ నవ్వి మంద దగ్గరికి పోయాడు. ఆమెకి నవ్వు రాలేదు. దిబ్బ అవతల గొర్రెల గంట మోగినప్పుడల్లా చిత్ర్యా లేస్తుంది. కట్టేస్తే తాడు కొరుకుతుంది, విప్పితే పరుగు తీస్తుంది. పడుకోబెట్టి వీపు నిమిరితే చెయ్యి తీసేలోపే మళ్ళీ లేచి నిలబడుతుంది. భాకరీ రొట్టె వేసింది. వాసన కూడా చూడలేదు. హౌసాబాయి పిండి కలుపుతూ లేచింది, కట్టెలు విరుస్తూ లేచింది. కుక్క ఒక చోట నిలవదు, ఆమె కాలూ ఒక చోట నిలవదు. మంద మకాం మార్చేనాటికి నడవలేని కుక్కని ఉన్న ఊళ్ళోనే వదిలేసి పోవడం వాళ్ళ రివాజు. రేపే మకాం మార్చేది. వదిలేస్తే ఊరి కుక్కలు దాన్ని బతకనివ్వవు.

గుడారం పక్కన వల చుట్టిన దొడ్డిలో కొత్తగా పుట్టిన గొర్రెపిల్లలు మే మే అని అరుస్తున్నాయి. తల్లులు మేతకి పోతే అవి అక్కడే ఉంటాయి. ఆమెకి ఏం తోచిందో, చిత్ర్యాని ఎత్తి వాటి మధ్య పడేసింది. కుక్క లేవబోయింది. ఒక పిల్ల వచ్చి దాని పొట్టలో తలతో కుమ్మింది. ఇంకొకటి దాని మెడ కింద దూరి కూలబడింది. చిత్ర్యా వాటిని చూసింది, దిబ్బ వైపు చూసింది, మళ్ళీ వాటిని చూసింది. కూర్చుంది. తరవాత పడుకుంది, తల మాత్రం దించలేదు. పెద్ద మంద పోయినా చిన్న మంద కాపలాకి దొరికింది.

పొద్దు వాలుతుండగా గొర్రెలు తిరిగొచ్చాయి. గుంపుకి పెద్ద ధోండీబా మామ దొడ్డిలోకి తొంగిచూశాడు.

"రేపు సంపత్‌రావ్ చేలో మంద పెట్టాలి. ఇది నడుస్తుందా?"

"నడవదు మామా. నేను నడవనివ్వను."

"అయితే పల్లకీ కట్టించమంటావా?"

"నీ మోకాలు వాచిందని ఘాట్ దారి పొడుగునా గుర్రమ్మీద మోసుకొచ్చాం. అప్పుడు నిన్ను ఏ ఊళ్ళో వదిలేశాం?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మామ మీసం కింద ఏదో గొణిగాడు.

సరిగ్గా అప్పుడే ఊరి రైతు సంపత్‌రావ్ మోటార్‌సైకిల్ దిగాడు. రేపు మంద తన చేలోకి రావాలి, ఎరువు పడాలి, తర్వాత దున్నాలి. తొందరంతా అతనిదే. అతని చేలోకి దారి ఆ మేతబీడు మీంచే. హౌసాబాయి కడుపులోని మాట బయటికొచ్చింది అప్పుడే.

"కుక్క కాలేగా వదినా," అన్నాడతను. "పసుపు రాయి, తగ్గిపోతుంది. కుర్రాళ్ళు పండక్కి సరదాపడ్డారు."

"సరదా మీది, నెత్తురు మాదా? ఇవాళ కుక్క కాలు. రేపు ఇన్ని గిట్టలు అదే దారిన రావాలి. వాటిలో దిగవా పెంకులు? నీ దూడలు ఆ బీడులో మెయ్యవా?"

సంపత్‌రావ్ ధోండీబా వైపు తిరిగాడు. "మామా, ఆడమనిషి అరుపులకేం గానీ, పొద్దున్నే తోలుకొస్తున్నావు కదా?"

మామ కుక్క కాలు తుడిచి పడేసిన నెత్తుటి గుడ్డ తీసి చూశాడు. పక్కనే నిలబడ్డ గొర్రె కాలెత్తి గిట్ట తడిమాడు. వదిలేసి, "ఆమెని అడుగు" అన్నాడు.

దొడ్డిలో చిత్ర్యా చెవులు నిక్కబొడుచుకుంది, కదల్లేదు. హౌసాబాయి మూలనున్న పేడగంప తీసి సంపత్‌రావ్ కాళ్ళ దగ్గర పడేసింది.

"ఇదిగో గంప. తాగినవాళ్ళందర్నీ పిలువు. కూలోళ్ళని పంపడం కాదు, మీరే వంగి, మీ చేతుల్తో, ఆ బీడులో ప్రతి పెంకూ ఏరండి. బండ సందుల్లో కూడా వేళ్ళు పెట్టి చూడండి. ఏరిన గాజు ఇక్కడికి తెచ్చి నాకు చూపించండి. అంతదాకా ఈ మంద లేవదు, నీ చేలో ఒక్క పెంటిక రాలదు. వెలుగుండగానే మొదలుపెట్టు. పో!"