చదవకుండా తిప్పిన పేజీ

మా అమ్మాయి మాధవి పోయిన నాలుగు నెలలకు హైదరాబాద్ ప్రయోగశాల నుంచి డాక్టర్ ఉమామహేశ్వరి ఫోన్ చేశారు. నిరుడు పాప చేతి నుంచి తీసిన చర్మం ముక్కలోని కణాలు మూలకణాలుగా మారాయట.

“ఆ కణాల్లోకి నాలుగు జన్యువులు పంపాం మాస్టారూ. అవి చర్మపు పని మానేసి, బిడ్డ ఇంకా రూపు కట్టని నాటి స్థితికి వెళ్లాయి. వాటి నుంచి రక్తకణాలు తయారుచేశాం. పాప సికిల్ సెల్ జబ్బులో లాగే అవీ కొడవలిలా వంగుతున్నాయి. ఆ లోపం సరిచేసి చూడాలి. పాప లేదు కాబట్టి, మీ ఇద్దరి అనుమతి మళ్లీ కావాలి.”

వారానికి హుకుంపేట పోస్టులో కాగితాలు వచ్చాయి. నా భార్య రాజులమ్మ వాకిట్లో కాఫీ పళ్లు ఆరబోస్తోంది. సంగతి చెప్పాను.

“అయితే నెత్తురు తయారైపోనాదా?”

“అయింది. కానీ...”

“గుంట సెయ్యి కొయ్యనివ్వనని ఆర్నెల్లు ఆపేసినాను. నానే సంపుకున్నాను.”

ఈ మాట నాలుగు నెలలుగా వింటున్నాను. మొదటి కాగితాలు ఆమెకు చదివి వినిపించింది నేనే. ‘ఈ పరిశోధన వల్ల మీ బిడ్డకు చికిత్స అందదు’ అని చివరి పేజీలో ఉంది. ఆమె ఒప్పుకోదేమోనని ఆ పేజీ చదవకుండా తిప్పేశాను. “మేస్టారు సదివినాక నాకేటి బయ్యం” అని నవ్వి, వేలిముద్ర వేసింది.

కొత్త కాగితాల్లోనూ ఆ వాక్యం ఉంది. ఈసారి చదివాను. ఆమె మళ్లీ చదవమంది. చదివాను.

“ముందు కాయితంలో ఉందా ఇది?”

“ఉంది.”

“నాకు సదివినావా?”

“లేదు.”

“నాను ఆర్నెల్లు ఆపకుండా బేగి ఒప్పుకున్నా గుంట బతకదా?”

“బతకదు.”

పళ్ల మధ్యే కూలబడింది.

“నానేడుత్తుంటే సూస్తా, నాలుగు నెల్లు కూడెలాగ తిన్నావు?”

ఆమె లేచి, చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, నా చేతిలోంచి కాగితాలు తీసుకుంది. మా వీధి చివర ఆశా కార్యకర్త నిర్మల ఇల్లు ఉంది.

“ఎక్కడికి?”

“నిర్మల సేత సదివించుకుంటాను. అన్ని పేజీలూ.”