పసుపు అడుగులు

మత్తుమందు కలిపిన కల్లు మానిపిస్తారని నమ్మి ముత్తెమ్మ తన మొగుడు గంగాకిషన్‌ను దేవిదాస్ నడిపే డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్చింది. తొమ్మిదో రోజున శవాన్ని అప్పగించి, ఫిట్స్ వచ్చి పోయాడన్నారు. స్నానం చేయిస్తుంటే గంగాకిషన్ మణికట్ల చుట్టూ తాడు కోసుకుపోయిన గాట్లు కనిపించాయి. నిలదీస్తే, 'ఏం జరిగినా మా బాధ్యత కాదు' అన్న కాగితం మీద ఆమె వేలిముద్రనే చూపించాడు దేవిదాస్. చదువురాని ముత్తెమ్మకు, మొగుణ్ణి చేర్చిన నాడు, అందులో ఏముందో ఎవరూ చెప్పలేదు.

మూడు నెలల తర్వాత ఆమె బీడీలు చుట్టడం మానేసి ఆ సెంటర్‌లోనే ఊడ్చే పనికి కుదిరింది. దేవిదాస్ గుర్తుపట్టలేదు. పనివాళ్ల మొహం చూసే అలవాటు ఆ దొరకు ఎక్కడిది? వీడి దుకాణం మూయించకపోతే నేను ముత్తెమ్మనే కాదనుకుని, పళ్లు బిగబట్టి చీపురు పట్టింది.

లైసెన్స్ ఇచ్చేముందు తనిఖీకి హైదరాబాద్ నుంచి డాక్టర్లు వచ్చే రోజు రానే వచ్చింది. పొద్దున్నే దేవిదాస్ కట్టేసి ఉంచిన ఏడుగురు రోగుల్ని వెనక గేటు దాటించి, పక్కనున్న పసుపు గోదాములో పెట్టి తాళం వేశాడు. నోరెత్తొద్దని బెదిరించడానికి మాటిమాటికీ వెళ్లి వస్తున్నాడు. పసుపంటే లక్ష్మి, చెప్పులతో ఎవరూ తొక్కరు. మనుషుల్ని తాళ్లతో కట్టే ఆ పెద్దమనిషి కూడా గోదాము గడప దగ్గర భక్తిగా చెప్పులు విడవడం ముత్తెమ్మ చూసింది.

"బండలు మంచిగ తుడువు. అద్దం లెక్క ఉండాలె," అన్నాడు దేవిదాస్.

"తుడుస్త సార్. మీరు జర చెప్పులు బయట్నే ఇడువుండ్రి, మరకలైతయి."

గోడలకు వెల్ల వేయగా మిగిలిన సున్నాన్ని బకెట్లో కలిపింది. మొగుడు పోయాక పసుపు ముట్టొద్దన్నారు ఆమెను. సున్నం ముట్టొద్దని ఎవరూ అనలేదు. వెనక గుమ్మం నుంచి ఆఫీసు గది దాకా ఆ నీళ్లతోనే తుడిచింది.

డాక్టర్ ఉమారాణి వచ్చి రిజిస్టర్లు తిరగేస్తుండగా దేవిదాస్ మరోసారి గోదాముకు వెళ్లి వచ్చి, చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి నడిచాడు. తడి బండల మీద అతని అడుగులు ఒక్కొక్కటే ఎర్రగా తేలాయి. డాక్టరమ్మ ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచింది.

"నెత్తురు గాదమ్మా," అంది ముత్తెమ్మ. "పసుపుకు సున్నం తాకితే గట్లనే ఎర్రగైతది. సార్ కాళ్లకు పసుపు యాడికెల్లి అంటిందో, గీ అడుగులెంట పోయి చూడుండ్రి."

ఆ అడుగులెంట వెనక గేటు దాటి వెళ్లిన డాక్టరమ్మ పోలీసులను పిలిపించింది. వాళ్లు గోదాము తాళం పగలగొడితే ఏడుగురూ దగ్గుకుంటూ బయటికి వచ్చారు, చేతులకు తాళ్లతోనే.

లైసెన్స్ ఇవ్వకూడదని, సెంటర్ మూసేయాలని, చూసిందంతా వరసగా డాక్టర్లు రిపోర్టు రాశారు. సాక్షిగా ముత్తెమ్మ వేలిముద్ర అడిగారు. ఆమె వేలు చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"ఏం రాసిండ్రో సదువుండ్రి అమ్మా. మొదటికెల్లి. గాయినకు ఇనబడెటట్టు."

"అసలు నువ్వెవలు?" అన్నాడు దేవిదాస్. ఆమె మొహం అతను చూడడం అదే మొదటిసారి.

"గంగాకిషన్ పెండ్లాన్ని. నీ కాయితం మీదున్న ఏలిముద్ర నాదే."

ఉమారాణి చదివింది. ముత్తెమ్మ దేవిదాస్ మీంచి చూపు తిప్పకుండా ఆఖరి మాట దాకా విని, అప్పుడు వేలు వేసింది.